కూపన్ కత్తిరించినవాళ్లకు మిగిలేదెంత?

2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించిందన్న వార్త అమెరికా చేరడమే ఆలస్యం, అక్కడి భారతీయ దుకాణాల్లో సోనామసూరి బస్తాల కోసం మనవాళ్లు ఎగబడ్డారు. 20 పౌండ్ల బస్తాలను కారులో పట్టినన్ని వేసుకుపోయినవాళ్లున్నారు. కుటుంబానికి ఒక్క బస్తానే ఇస్తామని కొందరు దుకాణదారులు కాగితాలు అంటించవలసి వచ్చింది. మామూలు ధరకు రెట్టింపు పెట్టి కొన్నవాళ్లూ ఉన్నారు. అదే దేశంలో, అదే వారంలో, వేరే ఇళ్ల గరాజుల్లోనూ అరల నిండా సరుకు పేర్చి ఉంది: టూత్‌పేస్టులు, బట్టల సబ్బు సీసాలు, సీరియల్ అట్టపెట్టెలు, సూపు డబ్బాలు. అవి, దుకాణంలో ఇస్తే ధర తగ్గించే కూపన్లను పత్రికల్లోంచి నెలల తరబడి కత్తిరించి కూడబెట్టినవి. చూడటానికి రెండూ నిల్వలే అయినా, మొదటిది ధర ఆకాశంలో ఉన్నప్పుడు కొన్నది, రెండోది ధర అడుగంటినప్పుడు కొన్నది. వెచ్చాల ఖర్చు తగ్గించుకోవడం గురించి ఎవరు ఎన్ని చిట్కాలు చెప్పినా, కొనే రోజునూ అవసరపడే రోజునూ విడదీయగలిగినవాళ్లకే డబ్బు మిగులుతుంది. కూపన్ ఆ పనికి వాడే ఒక పరికరం మాత్రమే, అది కూడా అన్ని వంటిళ్లకూ ఒకేలా పనిచేయని పరికరం.

అమెరికా కూపన్‌ను అర్థం చేసుకోవాలంటే అందులో పోయే డబ్బు ఎవరిదో ముందు తెలియాలి. అక్కడ కూపన్లు ముఖ్యంగా రెండు రకాలు. సరుకు తయారుచేసే కంపెనీ విడుదల చేసేది ఒకటి, దుకాణం తన సొంతంగా ఇచ్చేది మరొకటి. కంపెనీ కూపన్ విలువ ఒక డాలరు అనుకుందాం. క్యాషియర్ దాన్ని స్కాన్ చేసి మన బిల్లులో డాలరు తగ్గిస్తాడు. దుకాణం అలాంటి కూపన్లను పోగుచేసి, వాటిని లెక్కపెట్టే క్లియరింగ్ సంస్థకు పంపుతుంది. అక్కడినుంచి లెక్క కంపెనీకి చేరాక, ఆ డాలరుతో పాటు కూపన్‌ను పట్టుకుని శ్రమపడ్డందుకు సాధారణంగా మరో 8 సెంట్లు దుకాణానికి వస్తాయి. అంటే కంపెనీ కూపన్ ఇచ్చినప్పుడు దుకాణం నష్టపోయేది ఏమీ లేదు. చాలా రాష్ట్రాల్లో అమ్మకం పన్నును కంపెనీ కూపన్ తీసివేయకముందు ఉన్న ధర మీదే వేయడానికి కారణం ఇదే, ఎందుకంటే దుకాణానికి చివరకు పూర్తి ధరే ముడుతోంది. దుకాణం సొంతంగా ఇచ్చిన కూపన్ అయితే అసలు ధరే తగ్గినట్టు కాబట్టి పన్ను కూడా తగ్గుతుంది.

కంపెనీ ఆ డాలరును ఎందుకు వదులుకుంటుంది? నాలుగు డాలర్ల వస్తువును అందరికీ మూడున్నరకు అమ్మవచ్చు కదా అని అనిపిస్తుంది. అలా చేస్తే, నాలుగు డాలర్లకైనా మారుమాట లేకుండా కొనేవాళ్ల దగ్గర అర డాలరు ఊరికే పోతుంది. మన సంతలో ఈ చిక్కు బేరంతో తీరుతుంది. ఓపిక ఉన్నవాళ్లు గంపముందు నిలబడి గీచిగీచి బేరమాడి తగ్గించుకుంటారు, తొందరలో ఉన్నవాళ్లు చెప్పిన ధర ఇచ్చి పోతారు, అమ్మేవాళ్లకు ఇద్దరూ దక్కుతారు. ధర ముద్రించిన అరల మధ్య బేరానికి చోటు లేని దేశంలో ఆ పనిని కాగితం ముక్క చేస్తుంది. ఆదివారం పత్రికలో వచ్చిన కూపన్ల పుస్తకాన్ని తిరగేసి, కత్తిరించి, గడువు చూసి, మడతపెట్టి దుకాణానికి పట్టుకెళ్లేంత ఓపిక ఉందని నిరూపించుకున్నవాళ్లకు మాత్రమే తక్కువ ధర దొరుకుతుంది. పంచిన కూపన్లలో తిరిగి దుకాణానికి చేరేవి వందకు రెండు మూడు కూడా ఉండకపోవడం కంపెనీలకు లోపంగా కనిపించకపోవచ్చు, ఎందుకంటే ఆ వడపోత కోసమే కూపన్ ఉన్నది.

అయితే ఇంత కాగితం వృథా ఎందుకని, సబ్బులూ డైపర్లూ తయారుచేసే ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ ఒకసారి తెగించింది. 1996లో న్యూయార్క్ రాష్ట్రం పడమటి భాగంలో, బఫలో, రోచెస్టర్, సిరక్యూస్ ప్రాంతాల్లో కూపన్లను పూర్తిగా ఆపేసి, వాటికి బదులు ధరలే తగ్గిస్తానంది. లెక్క ప్రకారం చూస్తే వినియోగదారులు సంతోషించాలి. జరిగింది వేరు. జనం ఆగ్రహించారు, సంతకాలు సేకరించారు, ఆ కంపెనీ సరుకును బహిష్కరిద్దామన్నారు. విషయం రాష్ట్ర అటార్నీ జనరల్ దాకా వెళ్లి, 1997లో ప్రయోగం ముగిసింది. నాకు ఈ ఉదంతంలో కనిపించేది మనిషి స్వభావం కన్నా లెక్క. రోజూ కూపన్ వాడే గృహిణికి అందరితో పాటు వచ్చే పావు డాలరు తగ్గింపు కన్నా తనకు మాత్రమే వచ్చే డాలరు ఎక్కువ, ఆమె కోపంలో అన్యాయం ఏమీ లేదు.

ఇక కూపన్ల ఆట ఎలా ఉంటుందో ఒక టూత్‌పేస్టు మీద చూద్దాం. అంకెలు నేను ఉదాహరణకు వేసుకున్నవి. మామూలు ధర 4 డాలర్లు. ఈ వారం దుకాణం 3 డాలర్లకు అమ్ముతోంది. మన దగ్గర కంపెనీ కూపన్ ఒక డాలరుది, దుకాణం కూపన్ అర డాలరుది ఉన్నాయి. ఒకే వస్తువు మీద ఒక కంపెనీ కూపన్‌నూ ఒక దుకాణం కూపన్‌నూ కలిపి వాడనిచ్చే చోట్లు ఉన్నాయి, దీన్నే వాళ్లు స్టాకింగ్ అంటారు. ఇప్పుడు చేతినుంచి పోయేది డాలరున్నర. ఆ కొనుగోలు మీద తర్వాతి బిల్లులో వాడుకోవడానికి మరో డాలరు కూడా వస్తే, పేస్టు ఖరీదు అర డాలరుకు దిగినట్టు. నాలుగు కూపన్లు ఉన్నవాళ్లు నాలుగు పేస్టులు తీసుకుని, ఆరు నెలలదాకా దుకాణంలోని పేస్టుల అర వైపు చూడకుండా బతుకుతారు. కూపన్‌తో నిల్వ ముడిపడేది ఇక్కడే: ఇంత తక్కువ ధర మళ్లీ వచ్చేదాకా సరిపడే సరుకు ఇంట్లో ఉంటే, మధ్యలో 4 డాలర్లు పెట్టవలసిన రోజు రాదు. ఒక్క పేస్టు మాత్రమే కొన్నవాళ్లకు ఆ వారం మంచి వారం, వచ్చే నెల మామూలు నెల.

ఇందులో అనుభవం మీద తప్ప తెలియని మెలికలు కొన్ని ఉన్నాయి. పెద్ద ప్యాకెట్టు ఎప్పుడూ చవక అనే మన నమ్మకం కూపన్ ముందు తలకిందులవుతుంది. డాలరు కూపన్‌ను ఆరు డాలర్ల పెద్ద సీసా మీద వాడితే ఆరో వంతు తగ్గుతుంది. రెండున్నర డాలర్ల చిన్న సీసా మీద వాడితే అయిదింట రెండు వంతులు తగ్గుతుంది. అందుకే మరీ చిన్న నమూనా ప్యాకెట్లకు ఇది వర్తించదని కూపన్ కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అదే చిన్న అక్షరాల్లో ‘ఒక్కో వస్తువుకు ఒక కూపన్’ అని ఉందా, ‘ఒక్కో బిల్లుకు ఒక కూపన్’ అని ఉందా అన్నది కూడా చూసుకోవాలి. మొదటి మాట ఉంటే నాలుగు పేస్టులకు నాలుగు కూపన్లు చెల్లుతాయి, రెండోది ఉంటే నాలుగు పేస్టులకూ ఒక్కటే చెల్లుతుంది. బిల్లు కౌంటర్ దగ్గర వెనుక బారు పెరుగుతుండగా జరిగే వాగ్వాదాల్లో చాలా వరకు ఈ ఒక్క మాట దగ్గరే మొదలవుతాయి. చవకగా పెట్టిన సరుకు అయిపోతే, మళ్లీ వచ్చినప్పుడు అదే ధరకు ఇస్తామని రాసిచ్చే చీటీని కొన్ని దుకాణాలు ఇస్తాయి. దాన్ని వాన చీటీ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. అడగనివాళ్లకు అలాంటిది ఒకటుందనే తెలియదు.

2010 చివర్లో అమెరికా టీవీలో బండ్ల కొద్దీ సరుకు దాదాపు ఉచితంగా తీసుకుపోయే గృహిణులను చూపించడం మొదలయ్యాక, ఈ పద్ధతికి ఎంత పేరొచ్చిందో అంత చేటూ వచ్చింది. అరలు క్షణాల్లో ఖాళీ అవుతుంటే దుకాణాలు నియమాలు బిగించాయి, ఒకరికి ఇన్నే అన్నాయి. దొంగ కూపన్ల ముఠాలు కూడా తయారయ్యాయి. వర్జీనియాలో ఇంటి కంప్యూటర్ మీద నకిలీ కూపన్లు తయారుచేసి అమ్మి, 3 కోట్ల డాలర్లకు పైగా నష్టం కలిగించిన ఒక మహిళకు 2021లో 12 ఏళ్ల జైలుశిక్ష పడింది. ఇప్పుడు కత్తెర పని తగ్గి, కూపన్లు ఎక్కువగా ఫోన్‌లోకి మారాయి. సభ్యత్వ ఖాతాలో నొక్కి పెట్టుకున్న డిజిటల్ కూపన్ సాధారణంగా ఒక్క ఖాతాకు ఒక్కసారే చెల్లుతుంది కాబట్టి, నాలుగు పేస్టుల పద్ధతికి అది సరిపోదు. పైగా మనం ఏ వారం ఏది కొన్నామో దుకాణానికి తెలిసిపోతుంది. కాగితం కూపన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లది, ఫోన్ కూపన్ మాత్రం ఫలానా మనిషి కోసం లెక్కవేసి ఇచ్చేది.

డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఉంటున్న తెలుగు కుటుంబానికి ఇదంతా ఎంతవరకు ఉపయోగం? నా అంచనాలో సగం కన్నా తక్కువ. కంపెనీ కూపన్ అనేది పేరున్న బ్రాండుకే పుడుతుంది. బెండకాయకు కూపన్ లేదు, కొత్తిమీరకు లేదు, కందిపప్పుకూ చింతపండుకూ ఎప్పుడో తప్ప కనబడదు. మన వంటింటి ఖర్చులో పెద్ద భాగం వీటిదే. కనుక వాళ్లకు కూపన్ పనికొచ్చేది స్నానాల గదిలోనూ, బట్టలుతికే చోటా, పసిపిల్లల డైపర్ల దగ్గరా. ఆ మూడు చోట్లా బాగానే పనికొస్తుంది, ఎందుకంటే అవి చెడిపోవు, చవకగా దొరికాయని ఎవరూ రెండు పూటలు అదనంగా పళ్లు తోముకోరు. సీరియల్, చిప్స్, శీతల పానీయాల కూపన్లు మాత్రం ఇంట్లో లేని అలవాటును కొనిపెడతాయి. బియ్యం, పప్పు, నెయ్యి విషయంలో భారతీయ దుకాణాల వారపు కరపత్రాలను, ఉగాది, దసరా, దీపావళి ముందు వచ్చే తగ్గింపులను గమనించడమే వాళ్లకు కూపన్ కన్నా లాభం.

ఎందుకంటే సరుకుల ధర తనంతట తానే ఒక చక్రంలో తిరుగుతుంది. అమెరికాలో నవంబరులో థాంక్స్‌గివింగ్ పండుగ ముందు టర్కీ కోడి, పిండి, వెన్న, చక్కెర దిగుతాయి. కొన్ని దుకాణాలు టర్కీని కొన్న ధర కన్నా తక్కువకే అమ్ముతాయి, జనాన్ని లోపలికి రప్పిస్తే మిగతా సరుకు మీద అది రాబట్టుకోవచ్చని. మే చివరనుంచి జులై 4 దాకా కెచప్, ఆవ సాస్ లాంటివి చవకవుతాయి. అది ఆయా వస్తువుకు గిరాకీ అత్యధికంగా ఉండే సమయం అన్నది గమనించాలి. మన దగ్గర వ్యవహారం దీనికి పూర్తిగా వేరు. మన ధర గిరాకీ వెంట కాక పంట వెంట నడుస్తుంది.

తెలుగు ఇళ్లలో ఏడాది సరుకు వేసుకోవడం ఆ పంట చక్రాన్ని పట్టుకుని పుట్టినదే. కందులు డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య చేతికొస్తాయి. పసుపు నిజామాబాద్, దుగ్గిరాల మార్కెట్లకు సంక్రాంతి దాటాక పోటెత్తుతుంది. కొత్త చింతపండు, గుంటూరు యార్డుకు కొత్త మిరప ఎండలు ముదరకముందే వస్తాయి. ఇంటి పెద్దావిడ మాఘమాసంలోనే ఎవరితో ఏది తెప్పించాలో లెక్క వేసుకునేది ఇందుకే. వీటిలో ప్రతి సరుకుకూ నిల్వలో తనదైన నడత ఉంటుంది. బియ్యం నిల్వలో మెరుగవుతాయి. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది, ఏడాది మాగిన పాత బియ్యం అదే గిద్దెడుకు ఎక్కువ ఒదుగుతాయి. అంగట్లో పాత బియ్యానికి ఎక్కువ ధర పలికేది అందువల్లే. అంటే పంటల కాలంలో కొత్త బియ్యం కొని ఇంట్లో మాగబెట్టినవాళ్లు, ఆ ధరల తేడాను వ్యాపారికి వదలకుండా తామే తీసుకుంటున్నారు. చింతపండు నల్లబడినా పనికొస్తుంది. మిరప రంగు తగ్గుతుంది. కందిపప్పు మాత్రం కాస్త ఏమరితే పుచ్చిపోతుంది.

ఆ పప్పు దగ్గర ఒక చిన్న లెక్క చేయవలసి ఉంది. నెలకు రెండు కిలోలు వాడే ఇల్లు ఏడాదికి 24 కిలోలు కొంటుంది. పంటల కాలంలో కిలో 120 రూపాయలు, అక్కడినుంచి మెల్లగా ఎక్కి ఏడాది చివరకు 140 అవుతుందనుకుందాం. ఏడాది పప్పు ఒకేసారి కొంటే కిలోకు 20 చొప్పున 480 మిగిలిందని చెప్పుకుంటాం. అది తప్పు లెక్క. మొదటి నెలల్లో ఎలాగూ తక్కువకే దొరికేది కాబట్టి సగటు తేడా కిలోకు పది రూపాయలే, మొత్తం మిగులు 240. రెండు కిలోలు పుచ్చితే ఆ 240 సరిగ్గా పురుగుపాలు. ఆ డబ్బు క్రెడిట్ కార్డు మీద తెచ్చి, బాకీ నెల దాటించారంటే, నెలకు మూడు శాతం పైన పడే వడ్డీకి మిగులు ఎప్పుడో కరిగిపోతుంది. పైగా ధర ప్రతి ఏటా ఎక్కాలనీ లేదు. గుంటూరు మిరప చుట్టూ ఉన్న శీతల గిడ్డంగుల్లో పాత సరుకు పేరుకుపోతే, కొత్త పంట రాకముందే ధర కూలిపోవచ్చు. 2025 ఫిబ్రవరిలో అలా ధర పడిపోయి, కేంద్ర ప్రభుత్వం క్వింటాలు 11,781 రూపాయల ధరతో ఆంధ్రప్రదేశ్ మిరప రైతులను ఆదుకునే మార్కెట్ జోక్య పథకాన్ని ప్రకటించవలసి వచ్చింది. అంతకుముందు ఏడాది చాలా ఎక్కువ ధరకు రెండేళ్ల మిరప కొని దాచుకున్న ఇల్లు ఏదైనా ఉంటే, ఆ నిల్వ వాళ్లకు నష్టమే తెచ్చింది.

ఇక మన నగరాల్లో కూపన్ పేరుతో నడుస్తున్నదాన్ని వేరుగా చూడాలి. ఇక్కడ ప్యాకెట్టు మీద గరిష్ఠ చిల్లర ధర ముద్రించి ఉంటుంది. దానికి మించి అమ్మకూడదని చట్టం చెబుతుంది కానీ, ఆ ధరను ఎంత ఎక్కువగా పెట్టాలన్నది కంపెనీ ఇష్టం. అందువల్ల ‘ఎమ్మార్పీ మీద 40 శాతం తగ్గింపు’ అన్న బోర్డు దేని మీద తగ్గించారో చెప్పదు. దానికి విరుగుడు అదే ప్యాకెట్టు మీద చిన్నగా ఉంటుంది: గ్రాముకో, కిలోకో ఎంత పడిందో తెలిపే యూనిట్ ధర. రెండు ప్యాకెట్లను పక్కపక్కన పెట్టి ఈ ఒక్క అంకెను చూసుకుంటే బోర్డు చదవనవసరం లేదు. అరకిలో ప్యాకెట్టును మెల్లగా 450 గ్రాములు చేసి ధర కదపకుండా ఉంచే పద్ధతి కూడా అక్కడ బయటపడుతుంది.

నిమిషాల్లో సరుకులు ఇంటికి చేర్చే యాప్‌లు ఇచ్చే కూపన్ సంగతి ఇంకా విచిత్రం. అమెరికా కాగితం కూపన్‌కు కొన్ని వారాల గడువుండేది, ధర దిగేదాకా దాన్ని దాచుకోవచ్చు. యాప్ కూపన్ ఈ అర్ధరాత్రితో ముగుస్తుంది, ఇన్ని రూపాయల సరుకు దాటితేనే చెల్లుతుంది, ఆ మొత్తానికి చేరడానికి మనం ఒక చాక్లెట్టో, ఒక కొబ్బరినీళ్ల డబ్బానో బుట్టలో వేస్తాం. కాగితం కూపన్ కొనే రోజునూ అవసరాన్నీ వేరు చేసేందుకు వీలిచ్చేది. ఇది రెంటినీ ఇప్పుడే, ఈ పది నిమిషాల్లోనే కలిపి కట్టేస్తుంది. దీన్ని కూపన్ అనడం కన్నా తొందరపెట్టే గంట అనడం సబబు.

మన మార్కెట్లో నిజంగా లెక్కచేయదగిన తగ్గింపు ఒకటి ఏ యాప్‌లోనూ రాలేదు, పన్నుల నోటిఫికేషన్‌లో వచ్చింది. 2022 జులై 18 నుంచి ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, పిండి మీద 5 శాతం జీఎస్టీ వేశారు, కానీ 25 కిలోలు మించిన బస్తాకు అది వర్తించదన్నారు. అప్పటిదాకా 25 కిలోలుగా ఉన్న బియ్యం బస్తా తెలుగు రాష్ట్రాల్లో 26 కిలోలుగా మారిందంటే కారణం అదే. కిలో 56 రూపాయల చొప్పున 25 కిలోలు 1,400 రూపాయలైతే, 5 శాతం అంటే 70 రూపాయలు. ఆ అదనపు కిలో ఖరీదు 56. పెద్ద బస్తా కొనే స్తోమత, పెట్టుకునే చోటు ఉన్నవాళ్లకు పన్ను లేదు, అయిదు కిలోల ప్యాకెట్టు కొనుక్కునే అద్దెగది బ్రహ్మచారికి పన్ను ఉంది. చవక అనేది చేతిలో ముందుగా డబ్బూ, ఇంట్లో కాస్త జాగా ఉన్నవాళ్లకే అందుతుందన్న చేదు నిజం అమెరికా గరాజుకూ, మన వంటింటి అటకకూ ఒకేలా వర్తిస్తుంది.

జాగా ఉన్నంత మాత్రాన నిల్వ నిలవదు. ఒక దీపావళికి ‘ఒకటి కొంటే ఒకటి’ అని చూసి ఎనిమిది ఓట్స్ పొట్లాలు తెచ్చి అటక మీద పెట్టాను. మా ఇంట్లో ఓట్స్ తినేది నేనొక్కడినే, అదీ వారానికి రెండుసార్లు. వానాకాలం వచ్చి మూడో పొట్లం విప్పేసరికి లోపల బూజులాంటి గూడు, అందులో సన్నటి పురుగులు. ఆ పురుగు అక్కడితో ఆగక పక్కనున్న రవ్వలోకీ, సేమ్యాలోకీ పాకింది. దుకాణానిది తప్పు కాదు, లెక్క తప్పింది నాది: ఎంత చవక అని చూశాను, ఎన్నాళ్లకు అయిపోతుందని చూడలేదు. అమెరికాలో చంటిపిల్లల పాలపొడికి తప్ప మిగతా ఆహారానికి తేదీ వేయాలన్న జాతీయ చట్టమే లేదు, ప్యాకెట్ల మీద వేసే తేదీ ఎక్కువగా రుచికీ నాణ్యతకీ సంబంధించినదే. కానీ మన ఉక్కపోతలో పురుగు తేదీ చూసి రాదు.

మా అమ్మమ్మ పద్ధతి వేరుగా ఉండేది. కందిపప్పు తెచ్చిన రోజే చేటలో పోసి, నలిగినవీ మట్టిబెడ్డలూ ఏరి, రెండు మూడు ఎండలు చూపించేది. చల్లారాక అరచేతిలో చెంచాడు ఆముదం పోసుకుని, పప్పుకు పట్టీపట్టనట్టు రుద్ది, రేకు డబ్బాలోకి ఎత్తేది. చింతపండు గింజ తీసి, ఉప్పు కలిపి జాడీలో కుక్కేది. బియ్యం బస్తాలో ఎండిన వేపాకు దూర్చేది. డబ్బాలో పాత పప్పు మిగిలి ఉంటే దాని మీద కొత్తది పోసేది కాదు. పాతది గిన్నెలోకి తీసి, డబ్బా తుడిచి ఎండబెట్టి, కొత్తది పోశాక, పాతది ముందు వండేది. ఏ డబ్బాలో ఎప్పుడు పోసిందో గుర్తుకు ఆమె మూత మీద సుద్దముక్కతో గీతలు పెట్టేది, ఒక్కో నెలకు ఒక్క గీత. ఆరో గీత దాటిన డబ్బా వారానికోసారి కిందికి దిగి ఎండకు వెళ్లేది.